నిశ్చితార్థం రోజు పాలసీసా

నగరం అంచున జంతువుల ఆశ్రయంలో మా మేనమామ సంరక్షకుడు. అడవిలో తల్లి చనిపోయిన ఓ ఏనుగు పిల్లను అక్కడికి తెచ్చారు. మామ సీసా పడితే తప్ప అది నోట పెట్టుకునేది కాదు. ఇంతలో పద్మారావు నగర్‌లోని ఆయనింట్లో కూతురి నిశ్చితార్థం వచ్చింది. ఆ పూట సీసా నాకు అప్పగించారు. నేను మెకానికల్ ఇంజనీరుని. సీసా పట్టడంలో ఏముందనుకున్నాను.

"అది తాగకపోతే ఫోన్ కొట్టురా. తాంబూలం పళ్ళెం ఆడ్నే పెట్టి ఉర్కొస్తా," అన్నాడు మామ.

ఆయన అటు తిరగగానే అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఆయన్ని పిలిచినవో, నీ పెండ్లికి నేను రాను సూడు. మారేడ్‌పల్లి వియ్యాలోళ్ల ముంగట ఇజ్జత్ పోతది."

పాల వేడి థర్మామీటరుతో చూశాను. సరిగ్గానే ఉంది. పిల్ల తాగలేదు. మామ ఉతకని చొక్కా తొడుక్కున్నాను. జేబులన్నీ వెతికిందిగానీ తాగలేదు. సీసా ఎత్తు మార్చాను, కోణం మార్చాను, ఆయనలాగే తలకు కొబ్బరినూనె కూడా పట్టించాను. "తాగమ్మా, బంగారం," అని బతిమాలితే నా కాలు తొక్కింది. దాని డొక్కలు లోపలికి పోతున్నాయి. ఇక అత్తకు భయపడి లాభం లేదని ఫోన్ చేశాను.

"ఏమన్నవ్ దాన్ని?"

"బతిమాలిన మామా."

"బతిమాలుడేందిరా! స్పీకర్ పెట్టు." ఆ వెంటనే గర్జించాడు. "ఏందే, మొండిదానా! పొద్దటిసంది పరేషాన్ చేస్తున్నవట! తెరువ్ నోరు!"

పిల్ల చెవులు విప్పి సీసా అందుకుంది. ఆయన తిట్టడం ఆపగానే అదీ తాగడం ఆపింది.

అవతల ఎవరో ముసలమ్మ గొంతు: "అయ్యో, పిల్లను గట్ల తిడుతుండేంది?"

"పిల్లను కాదమ్మా, ఏనుగును," అంది అత్త.

ముహూర్తం మించిపోతోందని పంతులు తొందరపెట్టాడు. మామ ఫోన్ పెట్టెయ్యలేదు, తనదీ స్పీకర్‌లో పెట్టి తాంబూలం పళ్ళెం అందుకున్నాడు. "తీసుకోండి బావగారూ, ఇగ మా బిడ్డ మీ బిడ్డ... మింగు, నీ తొండం పాడుగాను!... ఏమన్న తక్కువైతే మన్నించుర్రి... కారబెట్టుకోకు, సిగ్గులేనిదానా!"

పెళ్ళికొడుకు తండ్రి అడిగాడు: "సీసా అయిపోయిందా?"

"ఇంకా సగం ఉన్నదండీ," అన్నాను.

"అయితే ఇంకో నాలుగు తిట్టుర్రి బావగారూ, మేం ఆగుతం."

మామ దగ్గర తిట్లు అయిపోయాయి. అత్త ఫోన్ లాక్కుని మిగతా సగం తాను తిట్టింది. అవి ఏనుగుకో, మామకో, నాకో తేలలేదుగానీ సీసా మాత్రం ఖాళీ అయింది.