నల్లమన్ను పైనే ఉండాలి

మా వైపు చేలో మనిషెత్తు గుంత తవ్వితే రెండే కారణాలు. బావికో, పీనుగకో. మా కులంలో పోయినవాళ్ళను సొంత చేలోనే పూడుస్తారు. అందుకే పెనుకొండ నుంచి ధర్మవరం పోయే దారిలో ఉన్న మా చేనికి హిందూపురం నుంచి జీపులో నేల పరీక్ష చేసే ఆఫీసరు వచ్చి గుంత తవ్విస్తుంటే, మా అవ్వ బావికే అనుకుని టెంకాయ పట్టుకొచ్చింది.

"బాయి కాదమ్మా, నేల ఎట్లాంటిదో చూడ్డానికి" అన్నాడాయన.

"చూసేకి ఇంత లోతా?" అని అవ్వ టెంకాయ కొట్టనే కొట్టింది.

చెరువు కాలవను పొడిగిస్తారని, నేల బాగున్న చేలకే నీళ్ళు ఇస్తారని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. నాయన ప్రాణమంతా ఆ నీళ్ళ మీదే. నాకప్పటికి కొత్తగా పెళ్ళయింది, నా ఆశా అదే. ఏటా ఎండాకాలం చెరువు ఎండగానే నల్లటి ఒండ్రు బండ్లకెత్తి మా ఎర్రచేనికి తోలేవాళ్ళం. బండి దింపే మూల అన్నిటికన్నా నల్లగా ఉండేది. నాయన ఆఫీసరును నేరుగా ఆ మూలకే తీసుకుపోయి గుంత అక్కడే తవ్వమన్నాడు. ఎవరైనా పెళ్ళిచూపులకు మంచి చీరే కడతారు గదా.

ఆఫీసరు మట్టిని తడిపి వేళ్ళ మధ్య నలిపాడు.

"ఇది మీ చేని మట్టి కాదు. చెరువుది."

"తోలినాక నాదే గదా సామీ."

"పైది మీదే. జానెడు కింద ఎర్రమట్టి, దాని కింద అంతా గరుసు. నీళ్ళు పెడితే నిలవవు. మేతకు వదిలేయండి."

ఆ గులకరాళ్ళ గరుసు మా కళ్ళకూ కనబడుతూనే ఉంది. ఆయన అబద్ధం చెప్పి ఉంటే తిట్టుకోవడానికైనా ఉండేది. నాకు ఏడుపొచ్చింది.

జీపు పోయాక నాయన పార తీసుకున్నాడు. గరుసు ముందు, ఎర్రమన్ను తర్వాత, నల్లది చివర వేసి గుంత పూడ్చాడు. నేను కలిపి తోసేస్తుంటే అరిచాడు.

"నల్లది పైనే ఉండల్లప్పా. అదీ కిందికి పోతే మనకేముండాది ఈడ?"

కాలవ మా పక్కనుంచి తిరిగిపోయింది. నాయన మాత్రం తోలడం మానలేదు. నేను నెత్తీనోరూ కొట్టుకున్నా వినలేదు. తోలిందంతా వానకు వంకలోకి పోయేది, మళ్ళీ ఎండాకాలం బండి కట్టేవాడు. బూడిదలో పోసిన పన్నీరు.

కొన్నేళ్ళకు ఆయన పోయాడు. ఆ మూలలోనే తవ్వాం. నల్లమన్ను అదే జానెడు, అన్నేళ్ళు తోలినా వేలెడు కూడా పెరగలేదు. కింద గరుసుకు గడ్డపారలు ఖంగుమన్నాయి.

పూడ్చేటప్పుడు వచ్చినవాళ్ళు చేతికందిన మన్ను తోయబోతే ఆపాను. నల్లమన్ను పక్కకు తీయించాను. ఆయన నేర్పిన వరసలోనే పూడ్చాం. నాయన మీద ముందు పడింది గరుసే.