ఆంటీ చేత ఆమెన్ అనిపించడం

ప్రార్థనతో కూడా మనిషిని కొట్టవచ్చని నాకు ఢిల్లీ వచ్చాకే తెలిసింది. కొట్టింది మా తెలుగు చర్చి సంఘంలోని ఒక ఆంటీ. నేను తిరిగి కొట్టాను. అందుకు ఇప్పటికీ విచారం లేదు.

అప్పుడు కటవారియా సరాయ్‌లో ఒక గదిలో ఉండేదాన్ని. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ చేతికందేది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కాంట్రాక్టు నర్సుగా చేస్తూ, సర్కారీ ఆసుపత్రిలో పర్మనెంటు ఉద్యోగం కోసం పరీక్షలు రాసేదాన్ని. రాసిన ప్రతిసారీ తప్పేదాన్ని. ఎప్పటికైనా వస్తుందన్న ఆశ ఒక్కటే నన్ను ఆ గదిలో నిలబెట్టింది. అది పోయిందంటే మా ఊరు పాలకొల్లు వెళ్ళే రైలెక్కడమే.

ఆశను బతికించుకోవడానికి నాకు తెలిసిన మార్గం తిండి. డ్యూటీ లేని ఆదివారం పొద్దున్నంతా చదువుకుని, అశోకా రోడ్‌లోని తెలుగు క్యాంటీన్‌కి వెళ్ళి మీల్స్ తినేదాన్ని. వేడన్నంలో పప్పు, కందిపొడి, మీద నెయ్యి. అడిగినంత వడ్డిస్తారు. సిగ్గుపడకుండా అడిగేదాన్ని. అక్కడి నుంచి నేరుగా ఆరాధనకు. మాది అద్దె చర్చి. పొద్దున హిందీవాళ్ళు వాడుకుని వెళ్ళాక, మధ్యాహ్నం మేము.

ఆంటీ ఇందిరాపురం నుంచి కారులో వచ్చేది. భర్తది సాఫ్ట్‌వేర్‌లో పెద్ద ఉద్యోగం, ఇద్దరు పిల్లలు కాలేజీలో. మా అమ్మ పుట్టిన ఊరే ఆవిడదీ, కాబట్టి నన్ను సరిదిద్దే హక్కు తనకుందనుకునేది. ఒక ఆదివారం గుమ్మం దగ్గర వందనాలు చెబుతూ నా చెయ్యి పట్టుకుని వాసన చూసింది.

"నెయ్యి వాసనొత్తందేంటమ్మా? మళ్ళీ హోటలుకెళ్ళొచ్చావా?"

"అవునాంటీ. ఇయ్యాల గోంగూర కూడా పెట్టారు."

"పరీక్ష తప్పినోళ్ళకి ముద్దెలా దిగుద్దో నాకర్థం కాదు. ముందు పాసవ్వు. తిండీ తిరుగుళ్ళూ అన్నీ తర్వాత."

అక్కడితో వదిలేసినా బాగుండేది. మా ఆరాధన చివర్లో ప్రార్థన విన్నపాలని ఒక సమయం ఉంటుంది. ఎవరికే కష్టముందో లేచి చెబితే సంఘమంతా దానికోసం ప్రార్థిస్తుంది. ఆంటీ లేచి, కొంగు తలమీదకి లాక్కుంది.

"మన మధ్యలో ఒక చెల్లి ఉంది. పరీక్ష మళ్ళీ తప్పింది. తిండి మీదున్న మనసు చదువు మీదకి మళ్ళేలాగ అందరూ భారంతో ప్రార్థించండి."

పేరు చెప్పలేదు. అక్కడ పరీక్షలు రాసేది నేనొక్కదాన్నే. అందరూ కళ్ళు మూసుకుని నా గోంగూర గురించి దేవుడికి మొరపెట్టుకున్నారు. చివర్లో ఆమెన్ అనకుండా నేనెలా ఉంటాను? అన్నాను. కడుపు మండిపోయింది. తిట్టినవాళ్ళతో పోట్లాడవచ్చు. నీకోసం ప్రార్థిస్తున్నామనే వాళ్ళతో ఏమని పోట్లాడతాం?

ప్రతి ఆదివారం అదే విన్నపం. మెల్లగా ఆవిడ మాట వచ్చి నా కంచంలో కూర్చుంది. ముద్ద ఎత్తగానే, ఏం సాధించావని తింటున్నావు అన్నట్టుండేది. ఒక ఆదివారం అశోకా రోడ్ మానేసి, గదిలో బ్రెడ్డు తిని చదవడానికి కూర్చున్నాను. ఒక్క ముక్క తలకెక్కలేదు. మధ్యాహ్నానికి ఫోన్‌లో రైలు టికెట్లు వెతుకుతున్నాను. పేరు కొట్టబోతుండగా, నేను వెళ్ళిపోయానని ఆంటీ సంఘంలో చెప్పే తీరు కళ్ళముందు కదిలింది. ఆ విన్నపం కూడా ఆవిడ ఎంత భారంతో చేస్తుందో! ఫోన్ మంచం మీదకి విసిరికొట్టాను.

ముల్లును ముల్లుతోనే తియ్యాలి. విన్నపాలకు ముందు మాకు సాక్ష్యాల సమయం ఉంటుంది. ఉద్యోగం వచ్చినవాళ్ళు, ఫ్లాట్ కొన్నవాళ్ళు, బిడ్డ పుట్టినవాళ్ళు లేచి దేవుడికి కృతజ్ఞత చెబుతారు. ఏమీ రానివాళ్ళు కూర్చుని వింటారు. మరుసటి ఆదివారం నేను లేచాను.

"ఇన్నాళ్ళ చలి తర్వాత ఈ వారం మా మేడ మీదకి ఎండొచ్చిందండి. నైట్ డ్యూటీ దిగొచ్చి, తల ఆరబెట్టుకుంటా కమలాపళ్ళు తిన్నాను. ఉద్యోగం ఇంకా రాలేదు, వత్తాదని నమ్ముతున్నాను. ఈలోగా పళ్ళు మాత్రం చాలా తియ్యగా ఉన్నాయి. దేవునికి స్తోత్రం."

పాస్టరుగారు కళ్ళజోడు సర్దుకుని ఆమెన్ అన్నారు. సంఘమంతా అంది. నేను మాత్రం ఆంటీ నోటివైపే చూస్తున్నాను. అనకపోతే దేవుడిచ్చిన ఎండను కాదన్నట్టు. పెదవులు కదిలాయి. ఆ సుఖం ముందు నెయ్యన్నం కూడా దిగదుడుపే.

ఇక వదల్లేదు. ఒక వారం బస్టాపు దగ్గర నిప్పులమీద కాల్చి, నిమ్మకాయ పిండి ఇచ్చిన చిలగడదుంప. ఒక వారం పక్కగది దీదీ పెట్టిన అల్లం టీ. మరో వారం, సిగ్గు లేకుండా, అశోకా రోడ్‌లో మళ్ళీ అడిగి వేయించుకున్న గడ్డపెరుగు. ఆదివారం ఆవిడ మీద విసరడానికి వారమంతా సంతోషాలు ఏరుకునేదాన్ని. ఆవిడ విన్నపం చేసేది, నేను ఆమెన్ అనేదాన్ని. నేను సాక్ష్యం చెప్పేదాన్ని, ఆవిడ ఆమెన్ అనేది. విచిత్రం, కంచంలోంచి ఆవిడ లేచిపోయింది. చదివింది కూడా తలకెక్కసాగింది.

మళ్ళీ పరీక్ష రాశాను. ఫలితం వచ్చింది. కొద్దిలో తప్పాను.

ఆ వార్త ఇందిరాపురం చేరకుండా ఉంటుందా? ఆదివారం ఆంటీ ముందు వరసలో కూర్చుంది, కొంగు ముందే తలమీద ఉంది. నేనూ సిద్ధంగానే వచ్చాను. ఐఎన్‌ఏ మార్కెట్‌లో గోంగూర కొని పచ్చడి నూరి, అన్నం, పప్పు వండి గిన్నెలతో ఆటోలో దిగాను. సాక్ష్యాల సమయంలో లేచాను.

"పరీక్ష తప్పానండి. మళ్ళీ అప్లై చేశాను. ఈసారి వత్తాదని ఇప్పుడే కృతజ్ఞత కూటం పెడతన్నాను. అందరూ భోంచేసెళ్ళండి."

కృతజ్ఞత కూటం ఉద్యోగం వచ్చాక పెడతారు. తప్పినందుకు భోజనాలు పెట్టినవాళ్ళు మా సంఘంలో ఎవరూ లేరు. ఆంటీ కొంగు తలమీద నుంచి దించుకుంది. ఆ రోజు విన్నపానికి లేవలేదు. నా తిండి తినబోతూ నా తిండి మీద ప్రార్థన ఎలా చేస్తుంది?

ఆవిడకు నేనే వడ్డించాను. పెద్ద ముద్ద గోంగూర వేసి, ఆటోలో సాధన చేసుకున్న మాట అన్నాను.

"ముద్ద దిగతందా, ఆంటీ?"

ఆవిడ తలెత్తలేదు. "మా ఇంట్లో ఎవరూ తినరమ్మా. పిల్లలు స్మెల్ అంటారు. పెద్దాడు సెటిలయ్యాక, చిన్నది సెటిలయ్యాక అనుకుంటా నాకోసం వండుకోడమే మానేశాను." కంచం ముందుకి జరిపింది. "ఇంకొంచెం ఎయ్యి."

వేశాను. జాలి కలగలేదు, ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళు కాపాడుకున్న పగని ఆవిడ అన్నంలో కలుపుకుని తినేస్తోంది.

మరుసటి ఆదివారం సాక్ష్యాల సమయంలో నాకంటే ముందు ఆంటీ లేచింది.

"నిన్న గోంగూర వండుకున్నాను. ఒక్కదాన్నే తిన్నాను. దేవునికి స్తోత్రం."

ఎవరూ ఆమెన్ అనలేదు. ఇంత పెద్దింటి మనిషికి ఇదేం సాక్ష్యమని చూస్తున్నారు. ఆంటీ అలాగే నిలబడి వెనక్కి తిరిగి నాకోసం వెతికింది. ఊరుకుందామనుకున్నాను. నాకు చేసినదానికి ఆ మౌనమే తగిన శిక్ష.

కానీ నా పరీక్ష ఇంకా ముందుంది. అందరూ అదిరిపడేంత గట్టిగా ఆమెన్ అన్నాను. ఇప్పుడు ఆవిడ నాకొక ఆమెన్ బాకీ.