రెండు హాలీ రూపాయలు

నాణేలకు వెల కట్టే ఆయన ఫోన్‌లో చెప్పినవన్నీ డైరీలో రాసుకున్నాను. కడగవద్దు, తుడవవద్దు, అంచు పట్టుకునే తీయాలి, ఒక్కోదాన్ని ఒక్కో కాగితపు కవరులో పెట్టి హైదరాబాదు తేవాలి. మా నాయన కూడబెట్టిన నాణేలను పిల్లలిద్దరికీ పంచేముందు వాటి విలువ తెలుసుకుందామని నా ఆలోచన. జాబితా ముందే పంపాను. పద్ధతిగా చేస్తే ఒక పూట పని అనుకున్నాను.

హాల్లో తెల్ల పంచె పరిచి కూర్చుంటే మా ఆవిడ వచ్చి ఒకటే కోరింది. తన అత్తగారు, అంటే మా అమ్మ, ఇచ్చిన రూపాయికి మాత్రం వెల కట్టించొద్దని. ఆమె ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు అమ్మ ఆమె చేతిలో పెట్టిన నిజాం కాలపు వెండి రూపాయి అది. మేం హాలీ రూపాయి అంటాం, ఒకవైపు చార్మినార్ ఉంటుంది. పూజగదిలో లక్ష్మి పటం ముందు ఉంటుంది. దాన్ని కదిలించనని మాటిచ్చాను.

నాయన నాణేల సంచిలో హాలీ రూపాయి కూడా ఒకటి ఉంది. మిగతావన్నీ తెల్లదొరల తలకాయలున్నవే. దాన్ని తీసి చూస్తే చార్మినార్ సందుల్లో పసుపు గట్టిపడి ఉంది. పూజగదిలోది తెచ్చి పక్కన పెట్టాను. దానికీ అంతే పసుపు. అచ్చువేసిన ఏడాది కూడా ఒకటే.

రైతుల పసుపు అమ్మించే అడ్తి దుకాణం మాది. దీపావళికి దుకాణంలో లక్ష్మీపూజ చేసినప్పుడల్లా ఇంట్లోని వెండి నాణేలన్నీ ఒకే పళ్లెంలో పోసి, పాలతో కడిగి, పసుపు కుంకుమ పెట్టేవాళ్లం. మర్నాడు ఒకటి పూజగదికి, మిగతావి సంచిలోకి.

"మరి నీది నువ్వు ఎట్ల గుర్తుపట్టేదానివి?" అని అడిగాను.

"నేనేడ గుర్తుపట్టిన? పళ్లెం సర్దేది మీరే గదా. మీరు పైన పెట్టిందే తీసుకున్న."

పళ్లెం సర్దింది నేనే. తనది తనకు తెలుసులే అనుకుని సర్దాను.

డైరీలు తీశాను. ప్రతి దీపావళికీ పూజ సవ్యంగా జరిగిందని ఉంది, పసుపు ధర ఉంది. రూపాయి మాటే లేదు. గన్ని డైరీలు రాసి గీ ఒక్కటి రాయలేదా అంది మా ఆవిడ. మోతను బట్టి చెబుతానని రెంటినీ గచ్చు మీద వేసింది. నేను వద్దని మొత్తుకుంటూనే విన్నాను. ఆమెకు మొదటిది అనిపించింది, నాకు రెండోది. మళ్లీ వేస్తే ఇద్దరం మాట మార్చుకున్నాం.

చివరికి ఒకటి తీసి కొంగున కట్టుకుంది. "గిదే."

"ఎట్ల తెలిసింది?"

"తెల్వలే. ఏదో ఒకటి అత్తమ్మది అనుకోవాలె గదా."

రెండోదానికి కవరు చేశాను కానీ పైన ఏం రాయాలో తోచలేదు. ఆమె పొరబడి ఉంటే నేను హైదరాబాదు మోసుకుపోయేది అమ్మ రూపాయినే. పొద్దున బస్సుకు బయలుదేరేముందు దాన్ని తీసి లక్ష్మి పటం ముందు పెట్టాను. ఆమె చూసింది. కొంగు ముడి విప్పి తనదీ పక్కనే పెట్టింది. ఏది ఎవరిదో ఇద్దరికీ మళ్లీ తెలియలేదు.

హైదరాబాదులో ఆయన జాబితా చూసి హాలీ రూపాయి దగ్గర ఆగాడు. పోయిందా అని అడిగాడు. పోలేదు, ఇంట్లోనే ఉందన్నాను. అయితే జాబితాలోంచి కొట్టేయనా అన్నాడు. కలం పట్టుకుని నా మొహంలోకి చూస్తున్నాడు. కొట్టేయమనాలో ఉంచమనాలో నాకు తెలియలేదు.