రిజర్వ్‌లో ముత్తంగి దాకా

నైట్ డ్యూటీ దిగి, పడుకోకుండానే చెల్లెలి భర్తను కారెక్కించుకున్నాను. బొల్లారంలోని మందుల కంపెనీలో ఆయనకు ఆ రోజే మొదటి డ్యూటీ. ఆలస్యమైతే గేటు దగ్గరి నుంచే వెనక్కి పంపుతామని ముందే చెప్పారట.

రుద్రారం దాటుతుండగా పెట్రోల్ లైటు వెలిగి ఉండటం చూశాను. బంకులో లారీల వరుస ఉంది.

"ఆగకు బావా. ఇప్పుడే రిజర్వ్‌ల పడ్డది, బొల్లారం దాకా ఆరాంగ పోతది," అన్నాడాయన. ఆయన ఇన్నాళ్లూ నడిపింది పాత స్కూటరే. ఆ లైటు తర్వాత కారు ఎంత దూరం పోతుందో కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకంలో ఉండే ఉంటుంది. దాన్ని నేను కవరు విప్పకుండా భద్రంగా దాచుకున్నాను. ఏసీ ఆపేసి, నా వంతు కృషి చేశాననుకున్నాను.

ముత్తంగిలో, ఔటర్ రింగ్ రోడ్డు వంతెన కింద, కారు మర్యాదగా ఆగిపోయింది. ఆయన దిగి దాని పక్క తలుపుకు భుజం ఆనించాడు.

"ఏంది బావా, తోస్తవా?" అని నేనూ దిగాను.

"తోసుడు గాదు, జెర పక్కకు వంచుదాం. అడుగున ఉన్న పెట్రోలు ఇంజిన్లకొస్తది."

స్కూటరుకు అందరం చేసేదే. నిద్ర లేని బుర్రకు అందులో తప్పు తట్టలేదు. ఇద్దరం నిజాయితీగా ప్రయత్నించాం.

షేర్ ఆటోవాలా ఒకడు ఆగి చూశాడు. "కారును పండబెడ్తున్నరా అన్నా? బొల్లారమైతే ఎక్కుర్రి, జల్దీ!"

ఆయన ఒక్కడే ఎక్కాడు. కాసేపటికి ఫోన్ చేశాడు.

"గేటు లోపలికొచ్చిన బావా. వంచినవా మరి?"

"వంచిన."

"కారా?"

"సీటు," అని కళ్లు మూసుకున్నాను.