ఉడా కాయల చారు

బర్మాలో పబేడాన్ సందులోని తన మిరియాల దుకాణం తెరిచేముందు రాధాకుమారి రోజూ ఒక పని చేసేది. గులాబీ బట్టల్లో భిక్షకొచ్చే బౌద్ధ సన్యాసినమ్మ గిన్నెలో గుప్పెడు బియ్యం పోసి, పక్కన చిటికెడు మిరియాలు పొట్లం కట్టి పెట్టేది. వట్టి అన్నం గొంతు దిగదని ఆమె బెంగ.

అది చూసి నవ్వుతూ దగ్గరైన మనిషి ఎన్‌గోజి. నైజీరియా నుంచి వచ్చి, ఆ చుట్టుపక్కల పిల్లలకు ఇంగ్లీషు చెప్పేది. పొడగరి. తలకు పసుపుపచ్చ గుడ్డ చుట్టుకునేది. ఓసారి తన ఊరి ఉడా కాయలు తెచ్చిచ్చింది. చిన్న చిక్కుడుకాయలంత, కణుపులు కణుపులుగా నల్లటివి. విరిస్తే మిరియం ఘాటూ, పొయ్యి పొగ వాసనా.

"మా వైపు బాలింతలకు ఇదే మందు. నీకు కోడలొచ్చి కంటే నేనే వచ్చి చారు కాస్తా," అంది వచ్చీరాని బర్మీస్‌లో.

రెండేళ్ళ క్రితం వానల్లో ఎన్‌గోజి జ్వరమొచ్చి చనిపోయింది. మట్టి వేసినవాళ్ళలో రాధాకుమారి ఒకతె.

ఇప్పుడు కోడలు బేబీ కన్నది. కన్నది మొదలు ముద్ద ముట్టదు, పిల్లాడి వంక చూడదు. పాలు పడలేదు. రాధాకుమారి దాచి ఉంచిన ఆ ఉడా కాయలు కొన్ని తీసి, మనవాళ్ళు బాలింతకు కాయం చేసినట్టే గింజలతో సహా మెత్తగా దంచి, బెల్లమూ నెయ్యీ కలిపి ఉండ కట్టింది. బేబీ నోట్లో పెట్టుకున్నది పెట్టుకున్నట్టే ఊసేసింది.

"సేదు అత్తా! సంపేత్తావేటి?"

మర్నాడు మధ్యాహ్నం రాధాకుమారి దుకాణం నుంచి చిమిండైంగ్‌లోని ఇంటికి వచ్చేసరికి గది నిండా పొగ వాసన. పొయ్యి చూస్తే చల్లగా ఉంది. గడియ తీసిన బేబీ మళ్ళీ మంచమెక్కింది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

"ఎవరే వొచ్చింది?"

"నీ నేస్తమంట. పొడుగావిడ, తలకి పసుపుపచ్చ గుడ్డ. కాయ దంచకూడదంట అత్తా. సితక్కొట్టి సారులో మరగనిచ్చి, దించేముందు తీసి పారెయ్యాలంట. గింజే సేదంట. నువ్వు మరీ తొందర మడిసివంట."

ఎన్‌గోజి ఊసు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తింది లేదు. బేబీ ఇన్సేన్ నుంచి కాపురానికొచ్చింది ఆవిడ పోయాకే. రాధాకుమారి దేవుడి పటానికి చేతులైతే జోడించింది గానీ, ఏమని మొక్కాలో తోచలేదు.

పక్కింటి బర్మావిడ డా మ్యా అడక్కుండానే కొర్రమీను తెచ్చిచ్చింది. ఆ చేపతో, మిగిలిన ఉడా కాయలతో చెప్పినట్టే చారు కాచి, కాయలు ఏరేసి ఇచ్చింది రాధాకుమారి. బేబీ గిన్నె ఖాళీ చేసింది. పిల్లాణ్ణి తనే అందుకుని ఒళ్ళో వేసుకుంది. తర్వాత మంచం చివర ఎవరో కూర్చోబోతున్నట్టు కాళ్ళు ముడుచుకుని చోటిచ్చింది.

అక్కడ ఎవరూ లేరు. పరుపు మాత్రం కాస్త కుంగింది.

రాధాకుమారి గోడకు ఆనుకుంది. గొంతు మెత్తగానే వచ్చింది.

"బేబీ, నాకు ఆవిడ అవుపడదు కదే. నువ్వే సెప్పు తల్లీ. సారు కుదిరిందని సెప్పు. ఇంక ఎల్లి సుకంగా పడుకోమను."