ఫాదరుగారి ధ్యానం

మిషనరీ ఫాదరుగారికి సైకిలు, గొడుగు తప్ప ఆస్తి లేదు. నిద్రకు మాత్రం లోటు లేదు. పగలంతా రోగుల ఇళ్లకు తిరిగి, గుడిలో జనం తమ తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనం వినడానికి కూర్చుంటే చాలు, చెక్క జాలీ వెనక ఆయన గడ్డం గుండెల మీద వాలిపోతుంది. మొన్న బట్టలు కుట్టే ముసలమ్మ, కోడలిని అనరాని మాట అన్న సంగతి మింగలేక కక్కలేక మొదలుపెట్టి, "మా కోడలిని..." అనేసరికి లోపల గురక వినిపించింది. ఆమె మెల్లగా లేచి, వరుసలో ఉన్నవాళ్లతో, "ఫాదరుగారు ధ్యానంలో ఉన్నారు, రేపు రండి" అని అందర్నీ పంపేసింది. మర్నాడు తనే ముందుగా వచ్చి మోకరించింది.

"అబద్ధమాడాను ఫాదర్."

"ఏమనమ్మా?"

"మీరు ధ్యానంలో ఉన్నారని."

మళ్లీ నిద్రపోయారేమోనని ఆమె జాలీలోంచి తొంగిచూసింది. ఆయన చెవులదాకా ఎర్రబడి కూర్చున్నారు.

"దానికి ప్రాయశ్చిత్తం నేను చేసుకుంటాలేమ్మా," అన్నారు. "నువ్వు కోడలి సంగతి మొదట్నుంచి చెప్పు."