గోడతో వాదించే మామగారు

ఆ ఇంటి మామగారికి ఒక్కటే జబ్బు. దగ్గరి అర్థాలున్న ఇంగ్లీషు మాటలు రెండు చెవిన పడితే చాలు, తేడా తేల్చందే ఆయనకు నిద్రపట్టదు. బడిలో పాఠాలు మానేసి ఏళ్ళయినా వీధివాళ్ళకి ఆయన మాటలు తూచే తక్కెడ మాస్టారే.

కాపురానికొచ్చిన కొత్తలో కోడలు, వెనక గదిలోకి వెళ్ళాలంటే భయమంది.

"ఏ భయమమ్మా? ఫియరా, డ్రెడ్డా?"

"భయానికి రకాలేంటి మామయ్యగారూ?"

"కుక్క ఎదురుగా నిలబడితే ఫియర్. సందు మలుపులో ఉందేమోనని అడుగు పడకపోతే డ్రెడ్."

ఈలోగా పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

తనది డ్రెడ్డేనని ఆమెకి త్వరలోనే తెలిసొచ్చింది. మధ్యాహ్నమైతే మామగారు ఆ ఖాళీ గదిలో దూరి తలుపేసుకునేవాడు. లోపల మాటలు. అంతలో గోడలోంచి ఠక్‌మని చప్పుడు.

"గోస్ట్ వేరు, స్పిరిట్ వేరంటావా?" అనేవాడాయన. ఠక్. "పోయినా ఇల్లు వదలనిది గోస్ట్. మరి స్పిరిట్ బతికున్నవాళ్ళలోనూ ఉంటుందా?" ఠక్, ఠక్.

కోడలికి ఒళ్ళు జలదరించేది. మొగుడితో చెబితే, "నాన్నకి మతి చలించినట్టుంది. ముందు ఆ గదికి తాళం వేసెయ్, తర్వాత డాక్టరుకి చూపిద్దాం" అన్నాడు.

మర్నాడు తాళం పట్టుకుని తలుపు తోసింది. చీకటి గదిలో మామగారు గోడకి చెవి ఆనించి కూర్చున్నాడు. "ఎవరితో మాట్లాడుతున్నారు మామయ్యగారూ?" అంది. గోడ మళ్ళీ ఠక్‌మంది. తాళం చేతిలోంచి జారిపోయింది.

"పక్కింటి ప్లీడరుగారితోనమ్మా," గొంతు తగ్గించి చెప్పాడాయన. "పక్షవాతమొచ్చి మాట పడిపోయింది. ఎవరికీ మొహం చూపించడు. మెతుకు ముట్టడం లేదని వాళ్ళావిడ ఏడ్చింది. మంచం ఈ గోడ పక్కనే, చేతికర్ర అందుబాటులోనే ఉంది. నేను తప్పు చెబితే మాత్రం ఊరుకోలేడు."

"అంటే తెలిసే తప్పు చెబుతారా?"

"నేను ఒప్పు చెబితే ఆయనకింక పనేముంటుంది? వాదించిన రోజే నాలుగు ముద్దలు దిగుతాయి."

భయమంతా ఎటుపోయిందో, కోడలికి మామగారి మీద ఎక్కడలేని అభిమానం పుట్టుకొచ్చింది. గోడ దగ్గరికెళ్ళి గట్టిగా అంది:

"ప్లీడరుగారూ! గోస్టయినా స్పిరిటయినా దెయ్యం దెయ్యమేనండీ! వాదనెందుకు?"

అవతల కర్ర ఆగకుండా మోగింది. సున్నం పెచ్చులు మామగారి బట్టతల మీద రాలాయి.

"భలే తల్లీ!" తల దులుపుకోవడం కూడా మరచి చేతులు రుద్దుకున్నాడాయన. "బాగా మండింది. ఇవాళ కడుపునిండా తింటాడు!"